పెద్ద డబ్బా కోసం బుడితి దాకా

పాత మిలిటరీ సామాను పోగేయడం నా సరదా. మా ఇంట్లో ఒక మెస్ టిన్ ఉంది. సిపాయిలు అన్నం తినే అల్యూమినియం డబ్బా, రెండో ప్రపంచ యుద్ధం నాటిది, పిడి మడత పెట్టొచ్చు. అసలు అవి జత. చిన్నది పెద్దదాంట్లో ఇమిడిపోతుంది. నా దగ్గరున్నది చిన్నదే. పెద్దదాని కోసం సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగాను. అక్కణ్ణించి బస్సులో నరసన్నపేట, ఆటోలో బుడితి.

బుడితిలో ఇత్తడి, కంచు సామాను చేస్తారు. చుట్టుపక్కల పాత ఇత్తడి కొంతైనా ఆ కొలిములకే చేరుతుంది. సిక్కోలు పల్లెల నుంచి మిలిటరీకి వెళ్లినవాళ్లు చాలామంది కాబట్టి, వాళ్ల బెల్టు బకిల్సు కూడా అక్కడ దొరకొచ్చని నా ఆశ. తుక్కు గుట్ట ముందు గంటసేపు కూర్చున్నాను. చెంబు మూతులు, కుళాయి తలకాయలు, పగిలిన గంట. అడుగున ఒకే ఒక్క బటన్, దాని మీద కిరీటం. దేశం గణతంత్రం అయ్యాక కిరీటం పోయి సింహాలొచ్చాయి, అంటే ఇది 1950కి ముందుది. తూచి ఎంతో చెప్పమంటే కొలిమి దగ్గరాయన నవ్వేశాడు.

"కాటా కదల్దు బాబూ, అట్టుకుపో. బకిల్సు శానా వచ్చినాయి, అన్నీ గంటలైపోనాయి."

కడుపు మండింది. కానీ ఆయన పని అది.

పాత మిలిటరీ ట్రంకు ఉన్న ఇల్లొకటి ఆయనే చెప్పాడు. దారిలో ఆటో అబ్బాయి ఆర్మీవాళ్లు వేసుకునే కాంబాట్ ప్యాంటు ఇప్పించమన్నాడు. అలాంటివాటి జోలికి నేను పోను. 2022 ఆర్మీ డే నాడు చూపించిన కొత్త డ్రెస్ అయితే బయట అమ్మనే కూడదు.

ఆ ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంది. ట్రంకు తెరిచి చూపించింది. మద్రాస్ రెజిమెంట్ ఏనుగు బ్యాడ్జీ, 1971 యుద్ధానికిచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్. మెడల్ అంచున తాత నంబరూ పేరూ చెక్కి ఉన్నాయి. వేలితో తడిమి అక్కడే పెట్టేశాను, ధర అడగలేదు. కింద 37 ప్యాటర్న్ వెబ్బింగ్ బెల్టు, అంటే 1937 నమూనా దళసరి నూలు పట్టీ బెల్టు, లోపలివైపు బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం. మన దేశంలో తయారైందని ఆ గుర్తు. ఒకసారి ఒక వ్యాపారి 1942 నాటి పౌచ్ అని అంటగట్టింది ఇంటికి తెచ్చి తడిపితే టీ వాసన వచ్చింది. పాతదానిలా కనబడాలని టీలో నానబెట్టారు! అప్పట్నుంచీ ఏది దొరికినా ముందు వాసన చూస్తాను. ఈ బెల్టుకి కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు.

పెరట్లోకి వెళ్తే కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. నా పెద్ద డబ్బాలో.

"అదా? మా మావది. బర్మా యుద్ధం కాడ్నించి తెచ్చినాడట. డబ్బులేటి సేసుకుంటాను నాయనా, కోళ్లకి ఇంకో గిన్నె తెచ్చియ్యి."

మళ్లీ నరసన్నపేట వెళ్లి స్టీలు గిన్నె కొనుక్కొచ్చాను. గిన్నె కంటే ఆటోకే ఎక్కువైంది. మామ్మ దాన్ని వేలితో టంగుమనిపించి చూసింది.

"పల్సగా ఉన్నాది. ఆ డబ్బాయే గట్టిది."

అయినా ఇచ్చేసింది.