మూడో చెట్టుతో అడవి

బీజింగ్‌లో చక్రవర్తుల పాత ఆలయమున్న తియాంతాన్ తోటకు వెళ్ళిన ఉదయం చలి గట్టిగా ఉంది. తూర్పు ద్వారం దాటగానే వందల ఏళ్ళనాటి సైప్రస్ చెట్లు. వాటి కింద ఒక పెద్దాయన బారెడు పొడవున్న బ్రష్షును నీళ్ళలో ముంచి, నేల మీద పరిచిన రాతిపలకలపై అక్షరాలు రాస్తున్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మా మేనల్లుడు ఆయన్ని 'యెయె' అని పలకరించాడు, అంటే తాతగారూ అని. వాడు ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఆస్పత్రిలో రోగులతో మాట్లాడక తప్పదు కాబట్టి భాష బాగానే పట్టుబడింది.

ఆ తాతగారు నా కోసం ఒక అక్షరం రాశారు. 'మూ', చెట్టు. పక్కనే రెండు చెట్లు కలిపి రాశారు. 'లిన్', తోపు. తర్వాత ఒక చెట్టు పైన, రెండు కింద. 'సెన్', అడవి. మొదటి చెట్టు ఆరిపోయేలోగా అడవి పూర్తయింది.

"మనుషులకూ ఇంతే అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు. ఒక్కడైతే మనిషి. ఇద్దరిని పక్కపక్కన రాస్తే ఒకరి వెంట ఒకరు నడవడం. ముగ్గురైతే జనం. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట అక్కడే మనసులో నాటుకుంది. మనకు లోకమంటే నలుగురు. నలుగురూ ఏమనుకుంటారో అంటాం, నలుగురిలో నవ్వులపాలయ్యానంటాం. వాళ్ళకు ముగ్గురు చాలు.

ఆ తర్వాత తోటలో ఎటు చూసినా నాకు మూడే కనిపించింది. పంటల కోసం చక్రవర్తులు ప్రార్థించిన మందిరం మూడంచెల పాలరాతి అరుగు మీద ఉంది. పైన మూడు వరసల గుండ్రటి కప్పు. 1420లో మొదట కట్టినప్పుడు అది గుండ్రంగా లేదు, 1545లో ఈ ఆకారం వచ్చింది. అప్పట్లో కప్పులకు మూడు రంగులు, నీలం, పసుపు, ఆకుపచ్చ. 1751లో అన్నిటినీ నీలం చేశారు. 1889లో పిడుగుపడి కాలిపోతే మళ్ళీ అలాగే నిలబెట్టారు. ఒకటి రెండును కంటుంది, రెండు మూడును కంటుంది, మూడు సమస్తాన్నీ కంటుంది అని ప్రాచీన చైనా తత్వవేత్త లావోజు పేరు మీద ఉన్న దావో దె జింగ్ అనే గ్రంథంలో ఉంది. ఆ కప్పు కింద నిలబడి వింటే ఆ మాట లెక్కలా అనిపించలేదు.

అక్కడి నుంచి ఐదో నంబరు మెట్రో ఎక్కి యోంగ్‌హెగోంగ్‌లో దిగాం. దిగేటప్పుడు ఒక మామ్మ, నీళ్ళ సీసా సీటు మీదే వదిలేసిన మనవణ్ణి 'దియూ సాన్ లా సీ' అని మందలించింది. మూడు పారేసుకుని నాలుగు మరిచిపోయే రకం అని దాని అర్థం. చావు అనే మాటలా వినబడుతుందని నాలుగును చాలా లిఫ్టుల్లో రానివ్వరు. కానీ మూడు తోడుంటే ఇలాంటి నుడికారంలో దానికీ చోటు దొరుకుతుంది.

స్టేషన్‌కు దగ్గరలోనే కన్ఫ్యూషియస్ ఆలయం. ముంగిట్లో 198 శిలాఫలకాలు, వాటి మీద రాజాస్థాన పరీక్షలు నెగ్గిన 51 వేలమందికి పైగా పేర్లు. మొదటి ముగ్గురికి మాత్రం ప్రత్యేకమైన బిరుదులు. ఎన్నేళ్ళ చదువో, ఎందరు తల్లుల ఎదురుచూపో! అరిగిపోయిన ఆ అక్షరాలను వేలితో తాకాలనిపించింది, తాకలేదు.

మూడుసార్లు ఆలోచించి అడుగు వెయ్యమని కన్ఫ్యూషియస్ చెప్పాడని మావాడికి వాళ్ళ ప్రొఫెసర్ తరచూ అంటారట. ఆ కథ నేను చదివాను. లూ రాజ్యపు మంత్రి ఒకాయన ప్రతి పనికీ మూడుసార్లు ఆలోచించేవాడు. అది విని కన్ఫ్యూషియస్ "రెండుసార్లు చాలు" అన్నాడు. జనం మాత్రం మూడునే ఉంచుకున్నారు.

సాయంత్రం టీ తాగుతూ మావాడు ఇంకో నుడికారం చెప్పాడు. 'సాన్ రెన్ చెంగ్ హు', ముగ్గురు కలిస్తే పులి. వెయ్ రాజ్యపు మంత్రి పాంగ్ త్సొంగ్ యువరాజుతో పరదేశానికి బయల్దేరుతూ రాజును అడిగాడట, బజార్లో పులి తిరుగుతోందని ఒకడు చెబితే నమ్ముతారా అని. నమ్మనన్నాడు రాజు. ఇద్దరు చెబితే? అనుమానిస్తానన్నాడు. ముగ్గురు చెబితే? నమ్ముతానన్నాడు. నా వెనక చాడీలు చెప్పేవాళ్ళు ముగ్గురికంటే ఎక్కువే ఉంటారు, గుర్తుంచుకోండి అని చెప్పి వెళ్ళాడు మంత్రి. తిరిగొచ్చాక అతనికి రాజదర్శనం దొరకలేదు. అంత ముందుగా హెచ్చరించినా!

నాకు వెంటనే పంచతంత్రంలోని మేక కథ గుర్తొచ్చింది. బ్రాహ్మడు భుజాన మోస్తున్నది మేక కాదు కుక్క అని దారిలో ముగ్గురు దొంగలు ఒకరి తర్వాత ఒకరు అనడం, మూడోవాడి మాటకు ఆయన దాన్ని దించేసి పోవడం. ఎక్కడి వెయ్ రాజ్యం, ఎక్కడి పంచతంత్రం! రెండుచోట్లా అబద్ధం నిజమైంది మూడో మనిషి దగ్గరే.

మావాడు ఆ కథ చిన్నప్పుడు వినలేదట. రేపు క్లాసులో చెబుతానని అక్కడే చైనీస్‌లో మొదలుపెట్టాడు. మేక 'యాంగ్', కుక్క 'గౌ'. పక్క బల్ల దగ్గరి అమ్మాయి కప్పు దించి వినసాగింది. దొంగలు వచ్చేసరికి వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. యీ, అర్, సాన్.