ఆర్సిడే కుటుంబంతో నా వర్గీకరణ భయం పోయిన విధం

జువాలజీ లెక్చరర్ పోస్టుకో, నెట్‌కో చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మొదటిసారి నా మార్కులు ఎక్కువగా పోయింది వర్గీకరణలోనే, అందులోనూ మొలస్కాలో, అంటే నత్తలు, గుల్లల లాంటి మెత్తని జీవుల్లో. చార్టు మీద రంగు పెన్నులతో క్రమాలు, కుటుంబాలు అన్నీ రాసి గోడకు అంటించి రోజూ పొద్దున్నే అప్పజెప్పుకునేదాన్ని. తీరా పరీక్షలో ఆర్కాయిడా, ఆర్కాయిడియా రెండూ ఆప్షన్లలో కనబడేసరికి చేతులు చల్లబడ్డాయి. ఒకటి క్రమం, ఒకటి అధికుటుంబం. ఏది ఏదో తేల్చుకోలేక టెన్షన్‌లో తప్పు పెట్టాను.

ఆ వేసవిలో కాకినాడ బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు కోరింగ వైపు బురద తీరంలో గుల్లలు ఏరుతున్న ఒక అక్క దగ్గర నాలుగు అడిగి తీసుకున్నాను. మందంగా ఉన్నదాన్ని చూపించి, "దీన్ని కోస్తే నెత్తురొస్తదమ్మా" అంది. నిజంగానే ఎర్రగా ఉంది. అది ఆర్సిడే కుటుంబంలోని టెజిలార్కా గ్రానోసా, పాత పుస్తకాల్లో అనడారా గ్రానోసా. ఎక్కువ మొలస్కాల రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హీమోసయనిన్. ఈ గుల్లలో హీమోగ్లోబిన్ ఉంటుంది, అదీ ఎర్ర రక్తకణాల లోపల. ప్లానార్బిస్ నత్తలోనూ హీమోగ్లోబినే కానీ అది ప్లాస్మాలో కరిగి ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతికే జీవికి ఆ ఎరుపు ఎంత అవసరమో చేతిలో పట్టుకున్నాక అర్థమైంది. ఈ తేడా నాకు ఇక ఎప్పటికీ మరుపు రాదు.

ఇంటికొచ్చి పెంకులు కడిగి, కీలు వైపు భూతద్దం పెట్టి చూశాను. తిన్నని గీత మీద దువ్వెన పళ్లలా ఒకే తీరు చిన్న పళ్లు వరసగా ఉన్నాయి. అదే టాక్సోడాంట్ కీలు. లోపల పెంకులను మూసే రెండు అడక్టర్ కండరాల గుర్తులూ దాదాపు సమానం. పెంకు లోపల ప్రావారం (మాంటిల్) అతుక్కున్న గుర్తైన ప్రావార రేఖలో లోపలికి నొక్కు లేదు, అంటే పాలియల్ సైనస్ లేదు. నీళ్లు పీల్చి వదిలే గొట్టాలు, అంటే సైఫన్లు, లేని జీవికి నొక్కు ఎందుకుంటుంది? సైఫన్లు లేవు కాబట్టే బురదలో లోతుకు పోలేదు, పైపొరలోనే ఉంటుంది. ఇలా ఒక లక్షణం ఇంకోదాన్ని పట్టుకుని వస్తుంటే బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గిపోయింది.

ఒక జాగ్రత్త. టాక్సోడాంట్ అనగానే ఆర్సిడే అని పెట్టేయకండి. న్యూక్యులా అనే గుల్లకూ టాక్సోడాంట్ పళ్లే, కానీ అది ప్రోటోబ్రాంకియా అనే వేరే ఉపవిభాగం. అలాగే దీన్ని ఇంగ్లిష్‌లో బ్లడ్ కాకిల్ అంటారని అసలు కాకిల్స్ కుటుంబమైన కార్డిడేలో వేయకండి. పైకి రెంటికీ గాడులు ఒకేలా కనిపిస్తాయి, కీలు తెరిస్తే కార్డిడేకు నాలుగైదు పెద్ద పళ్లే ఉంటాయి. అది హెటెరోడాంటా ఉపవిభాగం, ఇది టెరియోమార్ఫియా ఉపవిభాగం. కార్డిడేలో ఇంకో మార్పు గుర్తుంచుకోండి: పెద్ద గుల్ల ట్రైడాక్నాకు ఒకప్పుడు ట్రైడాక్నిడే అని సొంత కుటుంబం ఉండేది, ఇప్పుడది కార్డిడేలో ఉపకుటుంబం.

పేర్ల సంగతికి వస్తే, లిన్నేయస్ 1758లో దీనికి పెట్టిన పేరు ఆర్కా గ్రానోసా. టెజిలార్కా ప్రజాతిని ఐర్‌డేల్ 1939లో ఏర్పరిచాడు. ప్రజాతి మారింది కాబట్టి ఇప్పుడు టెజిలార్కా గ్రానోసా (లిన్నేయస్, 1758) అని బ్రాకెట్‌తో రాస్తాం. ఆ బ్రాకెట్ ఎందుకో తెలియక ఎన్నో మాక్ టెస్టుల్లో మార్కు పోగొట్టుకున్నాను. ఆర్సిడే కుటుంబానికి లామార్క్, 1809. క్రమానికి స్టోలిచ్కా, 1871. ఈయన మన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన శాస్త్రవేత్త, దక్షిణ భారత శిలాజ గుల్లల మీద పెద్ద గ్రంథమే రాశాడు. 1874లో యాత్ర నుంచి తిరిగొస్తూ లదాఖ్‌లో చనిపోయాడు, సమాధి లేహ్‌లో ఉంది. ఇది పరీక్షలో రాదు, కానీ తెలిశాక ఆ పేరు నాకు ఒక మనిషిగా గుర్తుంది.

పుస్తకానికో వర్గీకరణ ఉందని చాలామంది కంగారు పడుతున్నారు. పాతది మొప్పలను బట్టి చేసింది: ప్రోటోబ్రాంకియా, ఫిలిబ్రాంకియా, యూలామెల్లిబ్రాంకియా, సెప్టిబ్రాంకియా. అందులో ఆర్కా ఫిలిబ్రాంకియా. కొత్తదాంట్లో టెరియోమార్ఫియా, క్రమం ఆర్సిడా (ఆర్కాయిడా అన్నా ఇదే). రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ప్రశ్న చదివాక ఆప్షన్లు ఏ పద్ధతివో ముందు చూడండి, జవాబు ఆ పద్ధతిలోనే పెట్టండి. తోక కూడా గమనించండి: -ఇడే కుటుంబం, -ఇనే ఉపకుటుంబం, -ఆయిడియా అధికుటుంబం. నన్ను ముంచిన ఆ ప్రశ్నకు ఈ ఒక్క ముక్క చాలు.

రెండోసారి పరీక్షకు వెళ్లే ముందు రోజు రాత్రి నేను మొలస్కా నోట్సు తెరవలేదు. ఆ గుల్ల రెండు పెంకులూ తీసి, కీలు పళ్ల నుంచి మొదలుపెట్టి కుటుంబం, క్రమం, ఉపవిభాగం దాకా నోటితో చెప్పుకుని పడుకున్నాను.