జపనీస్ ఫ్యామిలీ డ్రామాతో జపనీస్ నేర్చుకోవడం: తొమ్మిదో వారం అప్‌డేట్

ముందు లెక్క చెప్పేస్తా. తొమ్మిది వారాలు, ఒకే సిరీస్, నాలుగు ఎపిసోడ్లు. అవును, నాలుగే. నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న 'అషురా', 2025లో వచ్చింది, జపాన్ డైరెక్టర్ కొరెఎడ తీశాడు, మొత్తం 7 ఎపిసోడ్లే, ఆదివారం కూర్చుంటే రాత్రికల్లా అయిపోద్ది కానీ నేను రోజుకి మూడు నాలుగు నిమిషాలే చూస్తున్నా.

కథ 1979 టోక్యోలో. నలుగురు అక్కచెల్లెళ్ళు, ముసలాయన నాన్నకి ఇంకో ఆవిడ ఉందని మూడో అమ్మాయికి తెలుస్తుంది, మిగతా ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెడుతుంది. మన సీరియల్లో అయితే ఇక్కడ ఒక్కో మొహం మీద మూడేసి ఉరుములు. వీళ్ళేమో కొత్త సంవత్సరానికి పెట్టిన మోచీ, అంటే దంచిన అన్నం ముద్ద, ఎండి రాయైపోతే దాన్ని పగలగొట్టి నూనెలో వేయించుకుని తింటుంటారు, ఆ తినడంలో పెద్దక్క పెట్టుడు పన్ను ఊడొస్తుంది, ఇక నలుగురూ పడీపడీ నవ్వుడు. నాన్న సంగతి ఇంకా తేలనేలేదు! నేను పడిపోయింది అక్కడే. మూలకథ ముకోదా కునికో రాసింది, అప్పట్లో జపాన్ టీవీ ఛానెల్ ఎన్‌హెచ్‌కేలో వచ్చింది, ఆవిడ 1981లో తైవాన్‌లో విమాన ప్రమాదంలో పోయింది. గొడవ ఎంత పెద్దదైనా ఆవిడ కథల్లో మనుషులు దాన్ని అన్నం దగ్గరే తేల్చుకుంటారు.

ఇప్పుడు నా పద్ధతి. ఒక సీన్ మొదట ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో, రెండోసారి ఏమీ లేకుండా, మూడోసారి జపనీస్ సబ్‌టైటిల్స్ పెట్టి స్పీడ్ 0.75లో. నచ్చిన లైన్లు నోట్‌బుక్‌లో ఎడమ పక్క, అర్థం కుడి పక్క. మొదటి మూడు వారాలు అర్థాలు ఇంగ్లీష్‌లో రాశా, ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఒకరోజు నిద్రమత్తులో తెలుగులో రాసేశా, 'కురుత్తె' అంటే 'వస్తాడంట'. అంతే! ఆ చివర 'త్తె' మన 'అంట', ఇంగ్లీష్‌లో అయితే దానికి ఇంకో వాక్యం కట్టాలి. 'నె' చాలా చోట్ల మన 'కదా'. గుమ్మం దాటుతూ అనే 'ఇత్తె కిమాసు' అచ్చంగా 'వెళ్ళొస్తా', వెళ్ళడమూ రావడమూ రెండూ అందులోనే ఉన్నాయి. అక్కకి వేరే మాట, చెల్లికి వేరే మాట, అక్కని పేరు పెట్టి పిలవరు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో మాత్రం చాలాసార్లు పేరే వేసేస్తారు, దాంతో సగం కారం పోతుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో 'ఉన్', 'హే' అంటుంటారే, దానికి 'అయిజుచి' అని పేరుంది, మనం ఊఁ కొట్టడం అంటాం.

దెబ్బతిన్నవి కూడా రాస్తా. ఐదో వారం ఉత్సాహం ఆగక ఆంకీలో (మాటలు గుర్తుపెట్టుకోడానికి కార్డులు తిప్పితిప్పి చూపించే యాప్) రోజుకి 40 కార్డులు వేశా, పదిరోజులకి రివ్యూలు 300 దాటాయి, ఫోన్ తీయాలంటేనే భయం, చివరికి ఆ కార్డులు మొత్తం డిలీట్. ఇప్పుడు రోజుకి 8, అదీ విడి మాటలు కాదు, పూర్తి వాక్యం, ఆడియోతో. రెండోది ఇంకా పరువు తక్కువ. వాక్యం చివర 'వయొ', 'నొయొ' అని స్టైల్‌గా పెడుతున్నా, మా ఆన్‌లైన్ టీచర్ నవ్వాపుకోలేక మీరు పాతకాలం గృహిణిలా మాట్లాడుతున్నారండీ అన్నారు. నేర్చుకున్నది ఆ నలుగురి దగ్గర్నించే మరి, ఇంకెలా వస్తుంది! అందుకే ఆడవాళ్ళ లైన్లకి నోట్‌బుక్‌లో గులాబీ రంగు గీత పెడుతున్నా.

ఇప్పటికీ అసలు అందనిది నలుగురూ ఒకేసారి మాట్లాడినప్పుడు. ఆ సీన్లకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో రౌండ్‌లో ఒక్కరి గొంతే పట్టుకుంటున్నా, నాలుగు రౌండ్లు, నిమిషం సీన్‌కి ఇరవై నిమిషాలు పోతోంది.

నిన్న హెడ్‌ఫోన్స్ ఛార్జింగ్ అయిపోయి స్పీకర్‌లో పెట్టా, అమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, స్క్రీన్ వైపు కూడా చూడట్లేదు. వీళ్ళకి తినడం తప్ప పనుండదేంట్రా అంది. ఇంతలో రెండో అక్క ఏదో అంది, నేను పాజ్ చేసి డిక్షనరీ వెతుకుతున్నా. 'రానంటోంది కదూ' అంది అమ్మ. వెతికి చూస్తే అదే.