కర్నూలు రోడ్డు కానుగ ఆకులు: ఇప్పటిదాకా తేలింది

ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కనున్న కానుగ చెట్లు ఎండాకాలం ముదిరేసరికి బూడిద రంగుకు తిరుగుతాయి. చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీలు నడిచే రోడ్డు కదా, దుమ్ము మామూలే. ఆ దుమ్ము ఆకుని అసలేం చేస్తుందో చూద్దామని మొదలుపెట్టాను. పోల్చుకోవడానికి ఊరి బయట గుండ్లకమ్మ ప్రాజెక్టు వైపు, మల్లవరం దగ్గర పొలం గట్టు మీదున్న కానుగని పెట్టుకున్నాను. కొత్తపట్నం వెళ్లొచ్చు గానీ అక్కడ సముద్రపు గాలి. ఆకు అంచు మాడితే దుమ్ము వల్లో ఉప్పు వల్లో తేలదు.

కానుగే ఎందుకంటే, ఉగాదికి అటూ ఇటూగా పాత ఆకు రాల్చి చెట్టంతా దాదాపు ఒకేసారి చిగురేస్తుంది. రెండు చోట్లా ఆకుల వయసులో పెద్ద తేడా ఉండదు. వేపా అంతే, కానీ దాని రెబ్బలు కొలవాలంటే విసుగు.

కానుగ ఆకుకి ఐదో ఏడో రెబ్బలుంటాయి. అందులో చివరిది మాత్రమే తీసుకుంటున్నాను, అదీ తలెత్తు కొమ్మకి ఎండ తగిలే వైపు నుంచి. ఎక్కడైనా ఎండలో పెరిగిన ఆకు నీడలో ఆకు కన్నా చిన్నగా, మందంగా ఉంటుంది. ఇది చూసుకోకపోతే ఎండ చేసిన పనిని ఊరి మీదకు నెట్టేస్తాం. కోస్తుంటే టీకొట్టాయన “ఏంది సార్, పసరు మందుకా?” అన్నాడు. అవునన్నాను, మాట త్వరగా తెగుతుందని.

దుమ్ము తూకానికి పది రెబ్బల్ని మెత్తటి బ్రష్షుతో గిన్నెలోకి కడిగి, నీళ్లు ఆరబెట్టి, గిన్నెని ముందూ వెనకా తూచాలి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆరాక అడుగున మిగిలే ఉప్పు కూడా తూకంలో కలుస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఆకు అంచు వెంట గ్రాఫ్ కాగితం మీద గీసి గళ్లు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. తలెత్తు కొమ్మలతో పోలిస్తే, లారీ ఎత్తు దాటిన కొమ్మల మీద దుమ్ము సగం కూడా లేదు.

అసలు సరదా పత్రరంధ్రాలతో, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలతో. రంగులేని నెయిల్ పాలిష్ ఆకు అడుగున పల్చగా పూసి, బాగా ఆరాక సెల్లోటేపుతో లాగితే ఆకు చర్మం అచ్చు మొత్తం టేపుకి వస్తుంది. దాన్ని స్లయిడుకి అంటించి ఫోల్డ్‌స్కోప్‌లో చూస్తున్నాను. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు అది, 140 రెట్లు పెద్దది చేస్తుంది. రంధ్రాలు చిన్న చిన్న పెదవుల జతల్లా కనిపిస్తాయి. ఆకు పైవైపు తీసిన అచ్చుల్లో ఒక్కటీ కనబడలేదు, అన్నీ అడుగునే. దుమ్మేమో ఎక్కువగా పైన పేరుకుంటోంది. అంటే దుమ్ము రంధ్రాలు పూడ్చేసి చెట్టుకి ఊపిరాడనివ్వదనే మాట కానుగ విషయంలో అంత సూటిగా కుదరదు. పైపొర వెలుతురుని అడ్డుకోవడం, ఆకుని వేడెక్కించడం పెద్ద దెబ్బ అని నా అనుమానం.

రోడ్డు పక్క ఆకులో ఒక్కో చదరపు మిల్లీమీటరుకి రంధ్రాలు ఎక్కువున్నాయి. చూడగానే ఇదే ఊరి ప్రభావమనిపిస్తుంది. కానీ ఆ ఆకు చిన్నది. కణాలు చిన్నవై దగ్గరగా చేరినా లెక్క పెరుగుతుంది. మొత్తం ఆకుకి గుణిస్తే తేడా బాగా తగ్గిపోయింది. ఇకనుంచి రంధ్రాలతో పాటు చుట్టూ ఉన్న మామూలు కణాల్నీ లెక్కపెట్టి, మొత్తంలో రంధ్రాలు నూటికెన్నో చూస్తాను.

ఆకుల మీద కాయల్లా లేచే బొడిపెల్ని కాలుష్యం ఖాతాలో వేయకండి. అవి కంటికి ఆనని నల్లుల (మైట్ల) పని, మల్లవరం చెట్టుకీ ఉన్నాయి.

తొలకరి జల్లు పైదుమ్మంతా కడిగేసింది గానీ ఆకు ఈనెల పక్కన సన్నటి పొర మిగిలింది, అది గోకితేనే పోతుంది.

తర్వాత చెట్టు మీద ఊరి ప్రభావంలో ఇంకోటి, వీధి దీపం సంగతి. బ్రిటన్‌లో 2016లో వచ్చిన ఒక అధ్యయనం, రాత్రి వెలుతురు ఎక్కువున్న చోట మొగ్గలు 7.5 రోజుల వరకు ముందుగా విచ్చుకుంటున్నాయని చెప్పింది. అక్కడి చలి వేరు, చెట్లు వేరు. మా వీధిలో ఎల్‌ఈడీ దీపం కింద బాదం చెట్టొకటి ఉంది, చీకటి మూలన ఇంకొకటి ఉంది. సంక్రాంతి తర్వాత ఏది ముందు ఎర్రబడి ఆకు రాలుస్తుందో వారానికోసారి ఒకే కొమ్మని ఫొటో తీస్తాను. గుర్తుకి రిబ్బన్ కట్టేశాను.