డిఫెండర్ కదిలితే ఫౌల్ అని ఎవరు చెప్పారు?

నిన్న నారాయణగూడలో ఆదివారం బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే మళ్లీ అదే గొడవ. మా వాళ్ల డిఫెండర్ ఛాతీకి అవతలి టీమ్ ప్లేయర్ బంతితో వచ్చి గుద్దుకున్నాడు, రిఫరీ ఛార్జింగ్ (దూసుకొచ్చిన వాడి మీద ఫౌల్) ఇచ్చాడు, వెంటనే పక్కనున్న అందరూ "వాడు కదిలాడు కదా సార్!" అని అరుపులు.

కదలొచ్చండీ. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం డిఫెండర్ ముందు ప్రత్యర్థి వైపు తిరిగి రెండు కాళ్లూ నేల మీద పెట్టి స్థానం తీసుకోవాలి, ఆ తర్వాత పక్కకో వెనక్కో జరిగినా, నిటారుగా పైకి ఎగిరినా, దెబ్బ ఛాతీకి తగిలితే తప్పు దూసుకొచ్చిన వాడిదే. షూటర్ గాల్లోకి లేచాక డిఫెండర్ అతని కిందకు వచ్చి నిలబడితే మాత్రం బ్లాకింగ్, అంటే డిఫెండర్ మీదే ఫౌల్, అప్పుడు రిఫరీ రెండు చేతులూ నడుం మీద పెడతాడు. బుట్ట కింద 1.25 మీటర్ల అర్ధవృత్తం ఉంటుంది, అందులో నిలబడి ఛార్జింగ్ అడిగితే మామూలుగా రాదు. అందుకే మంచి రిఫరీ కళ్లు బంతి మీద ఉండవు, డిఫెండర్ మీదే ఉంటాయి.

ఇంకోటి, బంతి మీదున్న చేతికి తగిలినంత మాత్రాన ఫౌల్ ఇచ్చేయరు. మణికట్టుకు తగిలితే వేరే సంగతి.

ఆ రిఫరీ కుర్రాడు ఒక్క మాట మాట్లాడకుండా బంతి అందించి ఆట మొదలుపెట్టాడు. నాకు చాలా నచ్చాడు.