తొమ్మిది దేశాలా, నాలుగు దేశాలా

తిరుపతి, ఆదివారం రాత్రి

పొద్దున కపిలతీర్థంలో దర్శనం చేసుకుని తిరిగి వస్తుండగా, రోడ్డు పక్కన ఆగి ఉన్న ప్యాకేజీ బస్సులో నుంచి దిగిన ఒక పెద్దావిడ నన్ను ఆపి, ఇది ఏ గుడి అని హిందీలో అడిగింది. కపిలేశ్వరస్వామి గుడి అని, లోపల కొండ మీద నుంచి నీళ్లు పడే తీర్థం ఉందని, కాళ్లు కడుక్కుని కాసేపు కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుందని చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. అంతలోనే గైడు, ఇరవై నిమిషాల్లో బస్సు బయలుదేరుతుందని కేక వేశాడు. తెల్లవారకముందే కాణిపాకం, అక్కడి నుంచి శ్రీనివాసమంగాపురం, ఇప్పుడు ఇది, తరువాత తిరుచానూరు, శ్రీకాళహస్తి, రాత్రికి రైలు అని ఆమె వేళ్ల మీద లెక్క చెప్పి గబగబా లోపలికి నడిచింది. ఆమె తీర్థం దగ్గర కూర్చున్నదో లేదో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి మా వారు భోజనాల బల్ల మీద రెండు యూరప్ యాత్రల బ్రోచర్లు పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎయిర్ బైపాస్ రోడ్డులోని ట్రావెల్ ఆఫీసు నుంచి వాటిని తెచ్చి పది రోజులయింది. రేపు సోమవారం ఏదో ఒకటి తేల్చి అడ్వాన్సు కట్టాలి. ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి, నల్లబల్ల మీద సుద్దముక్కతో రైన్ నదిని, ఆల్ప్స్ పర్వతాలను ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు గాని, వాటిని ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. ఇద్దరి పదవీ విరమణ డబ్బులో నుంచి ఇందుకని పక్కన పెట్టినది పన్నులతో సహా ఐదున్నర లక్షలు. ఆ మొత్తంలో విమానం, బస్సు, బస, భోజనం, గైడు అన్నీ కుదరాలంటే మా వంటివారికి బృంద బస్సు యాత్రే తగినది. యూరప్ కంపెనీలే నడిపే బస్సుల్లో సీటు మాత్రం కొనుక్కుని, విమానం టికెట్టు విడిగా చూసుకుంటే ఇంకా తక్కువలో పోతుందని బెంగుళూరులో ఉన్న అమ్మాయి ఫోనులో చెప్పింది. అయితే వాటిలో చాలావరకు పొద్దుటి ఫలహారం మాత్రమే ఇస్తారు. రాత్రి తొమ్మిదింటికి కొత్త ఊరిలో శాకాహారం వెతుక్కోవడం మాకు సాధ్యం కాదు కనుక ఆ మాట అక్కడితో వదిలేశాము.

మొదటి బ్రోచరు పది రోజుల్లో తొమ్మిది దేశాలు చూపిస్తామంటుంది: ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, లీచ్టెన్‌స్టైన్, ఆస్ట్రియా, ఇటలీ, వాటికన్. ధర మనిషికి 1,89,000. రెండవది పదకొండు రోజుల్లో ఫ్రాన్సు, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీ అని నాలుగే దేశాలు, ధర 2,34,000. పన్నులు రెండింటికీ విడిగా ఉన్నాయి. నిన్నటి వరకు నా మనసు మొదటిదాని మీదే ఉంది. నలభై ఐదు వేలు తక్కువ, దేశాలు రెట్టింపు కంటే ఎక్కువ అనిపించింది. పొద్దున ఆ పెద్దావిడను చూసి వచ్చాక మాత్రం దేశాల లెక్క పక్కన పెట్టి, ఎక్కడ ఎన్ని రాత్రులు నిద్రపోతామో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను.

మొదటి యాత్రలో విమానంలో గడిచే రాత్రి పోను మిగిలినవి ఎనిమిది రాత్రులు. వాటికి హోటళ్లు ఏడు. పారిస్‌లో తప్ప ఎక్కడా రెండవ రాత్రి లేదు. అంటే ప్రతి ఉదయం ఆరింటికి పెట్టెలు సర్ది గది బయట పెట్టాలి. లీచ్టెన్‌స్టైన్ మొత్తం 160 చదరపు కిలోమీటర్లే, దాని రాజధాని వాడూజ్‌లో ఒక గంట ఆగితే ఒక దేశం లెక్కకు వస్తుంది. వాటికన్ విస్తీర్ణం అర చదరపు కిలోమీటరు కూడా లేదు, అది ఉన్నది రోమ్ నగరంలోనే. బెల్జియం అంటే పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లే దారిలో బ్రస్సెల్స్ నగరంలో రెండు గంటలు. తొమ్మిదిలో మూడు ఇలా పోయాయి. ఆ ఊళ్లు చిన్నవని నేను అనడం లేదు. బ్రస్సెల్స్ నడిబొడ్డున ఉన్న గ్రాండ్ ప్లేస్ కూడలి ఒక్కటి చూడటానికే ఒక పూట కావాలి.

మా వారు ఆర్టీసీలో కంట్రోలరుగా పనిచేశారు కాబట్టి ఆయన చూసే పద్ధతి వేరు. ఎనిమిదవ రోజు దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. ఆ రోజు పొద్దున వెనిస్ పక్కనున్న పాదువాలో బయలుదేరి, ఫ్లోరెన్స్, పీసా చూసుకుని, రాత్రికి రోమ్ చేరాలి. నా పాత అట్లాసు తీసి, స్కేలుతోను ఫోనుతోను దూరం కట్టి చూస్తే దాదాపు 660 కిలోమీటర్లు తేలింది. గంటకు సగటున 75 కిలోమీటర్లు వేసుకున్నా తొమ్మిది గంటలు బస్సులోనే. అక్కడి డ్రైవర్ల పని గంటల గురించి అమ్మాయి వెతికి చదివి వినిపించింది. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన 561వ నంబరు నిబంధన ప్రకారం డ్రైవరు రోజుకు 9 గంటలు మాత్రమే బండి నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల వరకు పోవచ్చు. నాలుగున్నర గంటలు బండి నడిపితే మొత్తం 45 నిమిషాల విరామం ఉండాలి. సాధారణంగా రోజుకు 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఇదంతా బండిలోని టాకోగ్రాఫ్ అనే యంత్రంలో నమోదవుతుంది, పోలీసులు ఆపితే దాన్ని చూపాలి.

ఆయన ఆ మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. నిద్ర చాలని డ్రైవరు చేతిలో ప్రయాణికుడికి రక్షణ లేదన్నది ఆయన ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాట, అందువల్ల ఆ చట్టం ఆయనకు ఎంతో నచ్చింది. తరువాత పెన్సిలు తీసుకుని, “పదకొండు గంటల రెస్టు తీసేస్తే డ్యూటీకి మిగిలేది పదమూడు గంటలు. అందులో తొమ్మిది గంటలు స్టీరింగు మీదనే పోతే ఇంక నాలుగే గంటలు. బ్రేకు, మధ్యాహ్నం తిండి, రెండు ఊళ్లు, అన్నీ ఆ నాలుగు గంటల్లో యాడ కుదురుతాయి?” అన్నారు. అంతేకాదు, ఫ్లోరెన్స్ పాత నగరంలోకి టూరిస్టు బస్సులను రానివ్వరు, బయట దింపితే నడిచి లోపలికి పోవాలి. పీసాలోనూ బస్సులు నిలిపే చోటు వాలిన గోపురానికి దూరంగానే ఉంటుంది. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లినదాన్నే అయినా, ఇప్పుడు నా మోకాళ్లు రాళ్లు పరచిన వీధుల్లో పరుగును ఓర్చుకోలేవు. ఆ రోజు నేను బస్సులో కూర్చుని కిటికీలో నుంచి చూడవలసి వస్తుందని నాకు స్పష్టంగా కనిపించింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక డబ్బు లెక్కకు కూర్చున్నాము. ఏడేళ్ల కిందట కాశీ, గయ, ప్రయాగ యాత్రకు ఒక ఏజెంటు ద్వారా వెళ్లినప్పుడు, అన్నీ కలిపి అన్న ధరలో పడవ లేదు, ఆటోలు లేవు, రెండు పూటల భోజనం లేదు. తిరిగి వచ్చేసరికి చెప్పిన దానిలో మూడో వంతు అదనంగా ఖర్చయింది. అప్పటి నుంచి ధర పక్కన చిన్న అక్షరాలు చదవనిదే నేను దేనికీ ఒప్పుకోను. ఈ బ్రోచర్లలో గమనించవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘విజిట్’ అంటే టికెట్టుతో లోపలికి తీసుకువెళ్లడం. ‘ఫోటో స్టాప్’ అంటే బయట పది నిమిషాలు నిలబెట్టడం. ‘ఓరియెంటేషన్ టూర్’ అంటే బస్సులో తిప్పుతూ గైడు పేర్లు చెప్పడం. ‘ఆప్షనల్’ అంటే అక్కడికి వెళ్లాక మన యూరోలతో మనం కొనుక్కోవడం. హోటలు పేరు పక్కన ‘ఆర్ సిమిలర్’ అని ఉంటే ఆ పేరును నమ్ముకోకూడదు. మొదటి బ్రోచరులో ఐఫిల్ టవరు ఫోటో స్టాప్, టిట్లిస్ ఆప్షనల్. 1889లో కట్టిన ఆ గోపురం ఎత్తు 330 మీటర్లని ఏటా పిల్లలకు చెప్పి, దాని కింద నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. టిట్లిస్ 3,238 మీటర్ల మంచు శిఖరం, దాని పైకి తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్లే కేబుల్ కారు ఉంది. అది లేకపోతే మాకు స్విట్జర్లాండ్ అంటే హోటలు గదే.

ఈ మధ్య యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి 105 చొప్పున వేసుకున్నాను. మొదటి యాత్రకు విడిగా పెట్టవలసినవి మనిషికి వీసా రుసుము 90 యూరోలు, గైడుకు, డ్రైవరుకు ఇవ్వవలసిన టిప్పులు రోజుకు ఐదు చొప్పున 50, ఎనిమిది మధ్యాహ్న భోజనాలకు 120, ఆప్షనల్ టికెట్లకు 240. మొత్తం 500 యూరోలు, అంటే 52,500 రూపాయలు. కలిపితే 2,41,500. రెండవ యాత్రలో వీసా, భోజనాలు, ఐఫిల్ రెండవ అంతస్తు, టిట్లిస్ అన్నీ ధరలోనే ఉన్నాయి. టిప్పులు మాత్రం 55 యూరోలు, 5,775 రూపాయలు. మొత్తం 2,39,775. చవక అనుకున్నదే, పన్నులు కలపకుండా చూస్తే, మనిషికి 1,725 రూపాయలు ఎక్కువ పడుతున్నదని తేలేసరికి మా వారు ఆ మొదటి బ్రోచరును మడిచి నా చేతికి ఇచ్చేశారు. ఏజెంటు ముందుగానే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను మాత్రం ఖర్చు కింద రాయలేదు, ఆదాయపన్ను రిటర్నులో దాన్ని సర్దుకోవచ్చు.

రెండవ యాత్రలో పారిస్ రెండు రాత్రులు, లూసర్న్ దగ్గర మూడు, ఇన్స్‌బ్రుక్ ఒకటి, వెనిస్ పక్కన ఒకటి, రోమ్ రెండు. తొమ్మిది రాత్రులకు ఐదు హోటళ్లు. లూసర్న్‌లో ఒక పూట ఏ కార్యక్రమమూ లేదు, నాకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చినది ఆ ఖాళీ పూటే. పద్నాలుగో శతాబ్దంలో కట్టిన చెక్క వంతెన ఒకటి అక్కడ రాయిస్ నది మీద ఉంది. 1993లో అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. దాని మీద తొందర లేకుండా అటు నుంచి ఇటు నడవాలని ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు, జర్మనీలో రైన్ నది వదులుకోవలసి రావడం నాకు నిజంగానే బాధగా ఉంది. రైన్ నదిని గీసినన్నిసార్లు నేను మరే విదేశీ నదినీ గీయలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది త్వరగానే తేలింది. మే నెలలో గంగమ్మ జాతర, ఆ తరువాత బ్రహ్మోత్సవాలకు ఇంటికి చుట్టాలు వస్తారు, కనుక జూన్ రెండవ వారం. ఆ రోజుల్లో పారిస్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది కావస్తుంది, అందువల్ల సాయంత్రాలు వృథా కావు. ఈ నాలుగు దేశాలకూ కలిపి చెల్లే షెంజెన్ వీసా ఒకటి తీసుకోవాలి; స్విట్జర్లాండ్‌లోను, ఇటలీలోను మూడేసి రాత్రులే కాబట్టి ఏ దేశానికి దరఖాస్తు చేయాలో ఏజెంటును అడగాలి, వేలిముద్రలకు చెన్నై వెళ్లి రావాలి. మా వారి పాస్‌పోర్టు తిరిగి వచ్చే తేదీ తరువాత ఇంకా మూడు నెలలైనా చెల్లాలి. తీసి చూశాను, రెండేళ్ల గడువు ఉంది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ యాత్రలో మిగతా మూడు దేశాల్లోనూ యూరో చెల్లుతుంది గాని, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు కొన్ని వేరుగా కావాలి. కందిపొడి, ఆవకాయ పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవ మాత్రం వద్దు, పాల పదార్థాలను ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి తీసుకుపోనివ్వరు.

సాయంత్రం ఇద్దరమూ నడుచుకుంటూ వెళ్లి వీసాకు కావలసిన 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోలు దిగి వచ్చాము. రేపు ఉదయం పది గంటలకు ఏజెంటు దగ్గరికి వెళ్లాలి. ఐఫిల్, టిట్లిస్ టికెట్లు ధరలోనే ఉన్నాయని, వెనిస్ పక్క హోటలు ఏ ఊరిలో ఉందో, అక్కడి నుంచి వెనిస్‌కు రైలు ఉందో లేదో కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తేనే అడ్వాన్సు కట్టాలని మా వారు ఆ ప్రశ్నలన్నీ రాసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని పడుకున్నారు.