నాలుగు బైట్ల గొడవ

పదకొండు దాటింది. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. శ్రీవారు చూసి కూడా ఏమీ అనలేదు, అదింకా మంట. అయినా నిద్ర పట్టనిది ఆయన వల్ల కాదు, ఆఫీసులో మా టీమ్ లీడ్‌గారి వల్ల.

మా సీ ప్రోగ్రాం కూలిపోతోందే, ఆ క్రాష్‌కి కారణం దొరికింది, చెప్పనేలేదు కదూ! క్యూలోకి వెళ్లేవన్నీ వాయిడ్ పాయింటర్లు, అంటే అక్కడున్నది ఏ రకం డేటానో చెప్పని ఉత్త అడ్రస్‌లు. సెషన్ స్ట్రక్చర్ (కొన్ని ఫీల్డ్‌ల మూట) పెట్టాల్సిన చోట ఎవరో టైమర్ స్ట్రక్చర్ తోశారు. సీ కంపైలర్ కిక్కురుమనలేదు. రెండింట్లోనూ మొదటి ఫీల్డ్ ఐడీయే, కాబట్టి లాగ్‌లో అంతా బుద్ధిగా కనిపించింది. మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్ కూడా నోరెత్తలేదు. మెమరీ సక్రమమైనదే మరి, రకం ఒక్కటే తప్పు. పొద్దున ప్రతి స్ట్రక్చర్ మొదట్లో అది ఏ రకమో చెప్పే గుర్తుగా ఒక మ్యాజిక్ నంబరు తగిలించి, క్యూలో వేసే చోటా తీసే చోటా అసర్ట్ (గుర్తు తేడా వస్తే అక్కడే ఆపేసే చెక్) పెట్టా. రెండు నిమిషాల్లో సరిగ్గా ఆ లైన్లోనే ఆగింది. ఆ సంతోషం ఒక కాఫీ పాటు ఉంది.

కోడ్ రివ్యూలో లీడ్‌గారు: "క్యూలో ఒక్కో నోడ్‌కి నాలుగు బైట్లు వేస్టు కదమ్మా." ఆ 'కదమ్మా' ఉంది చూడండి! లినక్స్ కెర్నెల్లో డీబగ్ ఆన్ చేస్తే స్పిన్‌లాక్ అనే తాళానికీ మ్యాజిక్ ఉంటుంది, అదీ వేస్టేనా? పైగా 64 బిట్ మెషీన్‌లో నాలుగు బైట్ల ఐడీ తర్వాత ఎనిమిది బైట్ల పాయింటర్ వస్తే, దాన్ని వరసలో పెట్టడానికి మధ్యలో నాలుగు బైట్లు ఎలాగూ ఖాళీ, మ్యాజిక్ ఆ ఖాళీలోనే సర్దుకుంటుంది. సైజాఫ్ (స్ట్రక్చర్ మొత్తం సైజు) ముందూ 48 బైట్లు, తర్వాతా 48. చూపించా. "సర్లే" అన్నారు.

ఇంజనీరింగ్ ల్యాబ్ గుర్తొచ్చింది. టర్బో సీ నీలం స్క్రీను, జీతాల ప్రోగ్రాం, స్ట్రక్చర్లో ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్య. రన్ చేయగానే 'ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్' అని చచ్చింది. చేతులు చల్లబడ్డాయి. ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి, కింద ఎవరూ పిలవని ఒక ఫంక్షన్ రాసి, అందులో ఒక ఫ్లోట్ పెట్టి దాని అడ్రస్ తీయమన్నారు. ఎందుకండీ అంటే, "పెట్టమ్మా, పనిచేస్తుంది." పనిచేసింది. అప్పుడూ 'అమ్మా'నే!

ఇంతకీ అసలు గుచ్చుకుంటున్నది ఇది కాదేమో. మెమరీని ఫ్రీ చేసే (తిరిగి ఇచ్చేసే) ముందు మ్యాజిక్‌ని సున్నా చేశా, చచ్చిన పాయింటర్ మళ్లీ వస్తే పట్టుకుందామని. సాయంత్రం ఓ2 బిల్డ్ (వేగం కోసం కంపైలర్ అక్కర్లేని పని తీసేసేది) అసెంబ్లీ చూస్తే ఆ లైనే లేదు. ఫ్రీ అయ్యాక ఎవరు చదువుతారులే అని కంపైలర్ ఎత్తేసింది. నిజమే, ఫ్రీ చేసింది చదవడమే తప్పు. లీడ్‌గారు సగం రైటేనేమో, కారణం మాత్రం ఆయన చెప్పింది కాదు.

రేపు ఈ సంగతి నేనే చెప్పాలా, చప్పుడు చేయకుండా, కంపైలర్ ఎత్తేయకుండా ఆపే వోలటైల్ పెట్టి కమిట్ కొట్టేయాలా? ముందు ఆ గిన్నెలు తోముతా.